పత్తి మండీ ఎదురుగా మా అత్త పొయ్యి

పాపా, ఆ కందికట్టె ఇంకొంచెం లోపలికి తొయ్. చలి ముదిరింది. ఆ, ఇట్ల నా పక్కకు జరిగి కూర్చో. పొద్దున ఫోన్లో చూపించినావే చైనావాళ్ల హోటలు, అది ఇంగోసారి చూపించు.

ఫ్లషింగ్ అంటివి ఆ తావును. న్యూయార్కులో ఒక పేట. మన వినాయకుని గుడి 1977 నుంచి ఆడ ఉందనీ, గుడి క్యాంటీన్లో దోసెలు పోస్తారనీ, ఆదివారం వస్తే మీరంతా ఆడనే తింటారనీ చెప్పినావు. ఆ గుడికాడ్నుంచి నడిచిపోయేంత దూరంలో చైనా ఉత్తరాదోళ్ల హోటళ్లు ఉన్నాయంటివి. నీ ఫోటోలో నేను హోటలును చూడలేదు తల్లీ. వెనకాల గాజుపలక అవతల తలకు గుడ్డ కట్టుకొని, వంచిన తల ఎత్తకుండా పిండి ముద్దలు ఒత్తుతాంది ఒకామె, ఆమెను చూసినా. ముందర బల్ల మీద చిన్నపిల్ల పుస్తకం పెట్టుకొని రాసుకుంటాంది. గల్లా కాడ వాళ్ల నాయన. ఇల్లే హోటలు, హోటలే ఇల్లు అయిన సంసారం అది. చూడంగానే తెలిసిపోయింది. నేను కాపురం చేసింది అటువంటి ఇంట్లోనే.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో. మా నాయన మగ్గం నేస్తుండె. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమంటే ఒకప్పుడు దేశమంతా తెలుసు. మాచాని సోమప్ప 1938లో పెట్టింది. అంతకుముందు సావుకారి దగ్గర నూలు అప్పు తెచ్చుకోవాల, నేసిన బట్ట ఆయన చెప్పిన ధరకే పెట్టి రావాల. సంఘం వచ్చినాక నూలు సంఘమే ఇస్తుండె, బట్ట సంఘమే తీసుకుంటుండె, కూలి లెక్కగా చేతికొస్తుండె. సోమప్పకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు మా వీధి మొత్తం తమకే ఇచ్చినట్టు సంతోషపడిందని మా అమ్మ చెప్తుండె.

మగ్గం గుంతలో కూర్చునేది నాయన. ఆయన చేతికి కండె అందాలంటే మా అమ్మ తెల్లారి లేచి రాట్నం తిప్పాల. నూలుకు గంజి పెట్టాల, ఆరబెట్టాల, చిక్కు తీయాల. నేనూ మా అక్కా బడి నుంచి వచ్చి కండెలు చుడుతుంటిమి. సంఘం పుస్తకంలో మాత్రం ఒకటే పేరు, నాయనది. అది తప్పని అప్పుడు ఎవరికీ తోచలేదు. హోటలు ఇంటికి కోడలిగా పోయినాక నాకు తోచింది.

తినేది ఏముండె అప్పుడు? జొన్నరొట్టె, పుండికూర పప్పు, కొర్రన్నం, మజ్జిగ. వరన్నం పండక్కు. నీలకంఠేశ్వరస్వామి జాతర సంక్రాంతి దినాల్లో వస్తది గదా, అప్పుడు నాయన మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకొని పోతుండె. తేరు చూసినాక బజ్జీల అంగడి కాడికి. మిరపకాయ బజ్జీ కొరికి, కండ్లల్ల నీళ్లు కారతా ఉంటే బొరుగులు బుక్కేది. అదే మాకు హోటలు. హోటల్లో కూర్చొని తినడమనేది ఆడపిల్లలకు లేకుండె.

పెండ్లయి ఆదోనికి వచ్చినా. అప్పటికే ఆదోనిని రెండో బొంబాయి అంటుండిరి. బొంబాయి–మద్రాసు రైలు దారి మీద ఊరు, చుట్టూ నల్లరేగడి, నల్లరేగడిలో పత్తి. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు, నూనె మిల్లులు. చలికాలం వస్తే ఊరంతా దూది ఎగురుతుండె. చెట్ల మీద దూది, ఇండ్ల కప్పుల మీద దూది, తల దువ్వుకుంటే దువ్వెనలో దూది. ఎమ్మిగనూరులో నేను నూలును చూసినదాన్నే గానీ, పత్తి ఇంత గుట్టలు గుట్టలుగా ఉంటదని చూసింది ఆదోనిలోనే.

మా అత్తగారిల్లు పత్తి మండీకి ఎదురుగా ఉండె. ముందరి అరుగు మీద రెండు బెంచీలు, పక్కన పొయ్యి. లోపల ఒక గది. దాని వెనక పెరట్లో రోలు, నీళ్ల తొట్టి. పగలు హోటలు, రాత్రి అవే బెంచీలు మీ తాతకూ మరిదికీ మంచాలు. బోర్డు లేకుండె. ‘మండీ కాడి ఉగ్గాని’ అంటే అందరూ వస్తుండిరి. గల్లా పెట్టె ముందర మా మామ. ఊరికి ఆయన హోటలు ఓనరు. పొయ్యి మాత్రం మా అత్తది.

నాకు ఆమె మొదట నేర్పించింది వంట కాదు, పొట్టుపొయ్యి కట్టడం. పెద్ద రేకు డబ్బా, అడుగున పక్కకు ఒక కంత. ఆ కంతలోకి అడ్డంగా ఒక కట్టె, డబ్బా నడుమ నిలువుగా ఇంకొక గుండ్రటి కట్టె పెట్టాల. చుట్టూ రంపప్పొట్టు, నూనె మిల్లు నుంచి తెచ్చిన శెనక్కాయ పొట్టు కలిపి పోసి, రోకలితో కుమ్మి కుమ్మి బిగించాల. అప్పుడు రెండు కట్టెలనూ తిప్పుతా తిప్పుతా నిదానంగా లాగేయాల. చేయి వణికితే పొట్టు కూలిపోతది, మళ్లీ మొదటికొస్తది. కుదిరిందంటే అడుగున చిన్న మంట పెడితే చాలు, నడుమ కంతలోంచి పైకి లేచి గంటల తరబడి నిలకడగా మండుతది. రాత్రి పడుకునే ముందర కట్టిపెట్టుకోవాల. తెల్లారుజామున మొదటి బండి మండీకి వచ్చేలోపల బాండ్లీ కాగి ఉండాల.

ఉగ్గాని అందరూ చేస్తారు. బొరుగులు నానేసి, పిండి, తాలింపులో వేస్తే ఉగ్గాని అంటారు. నానేస్తే అయిపోయింది పాపా, ముద్ద అవుతది. ముంచి తీయాల, అంతే. మా అత్త తట్టలో నీళ్లు పోసుకొని, రెండు చేతులా బొరుగులు తీసుకొని ముంచి, ఎత్తి, ఒక్క పిడుపు పిండి పక్కకు వేస్తుండె. అన్ని బొరుగులూ ఒక తీరుగా ఉండవు. కొత్త బట్టీవి తొందరగా నీళ్లు తాగుతాయి, రెండు దినాలు నిలవైనవి ఇంకొంచెం సేపు కోరతాయి. బొరుగులు చేసేటోళ్లు బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కాలిన ఇసుకలో వేయించి జల్లెడ పడతారు. అందుకే ఉగ్గానిలో ఉప్పు ముందరే వేయొద్దనేది అత్త. ఆమె నోట్లో వేసుకొని రుచి చూడంగా నేనెప్పుడూ చూడలేదు. వేళ్ల మధ్య నలిపి చూసి చెప్తుండె, నీళ్లు ఎక్కువైనాయనో, ఇంగొంచెం పడాలనో.

తాలింపులో శెనక్కాయ నూనె, ఆవాలు, కరివేపాకు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు. ఉల్లిగడ్డ ఎర్రబడే దాకా ఉంచేది కాదు, మెత్తబడితే చాలు. బొరుగులు వేసి కలిపినాక, దించేముందు పప్పుల పొడి. పుట్నాలు, ఎండుకొబ్బరి, ఎల్లిగడ్డ, ఉప్పు, కారం రోట్లో దంచిన పొడి. ఆ పొడి తడిని పీల్చుకొని బొరుగును పొడిపొడిగా విడదీస్తది. పైన నిమ్మకాయ. మోదుగాకు విస్తరిలో వేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు.

బజ్జీ పని నాది. మిరపకాయను నిలువునా చీల్చి, వాము, ఉప్పు, చింతపండు కలిపి నూరిన ముద్దను లోపల పూయాల. శెనగపిండి మరీ జారుగా ఉంటే కాయకు పట్టదు, గట్టిగా ఉంటే లోపల కాయ ఉడకదు. చుక్క వేస్తే వెంటనే పైకి తేలాల నూనెలో. పత్తి దినాల్లో పొయ్యి కాడ నిలబడితే పొద్దు ఎక్కడికి పోతుండెనో తెలీకుండె. నా చేతుల మీద ఈ మచ్చలు చూసినావా, ఇవి ఆ నూనెవే.

ఇంగ ఆ పత్తి దినాలు చెప్పాల నీకు. దీపావళి దాటినాక బండ్లు మొదలైతుండె. ఆలూరు, హొళగుంద, కౌతాళం, కోసిగి, ఆస్పరి, అట్ల పక్క సిరుగుప్ప దిక్కు నుంచి కూడా. రాత్రంతా నడిపించుకొని వచ్చి, ఎద్దులను విప్పి, బండి కిందనే పడుకొని, పొద్దున వేలం కోసం చూస్తుండిరి. మా అరుగు మీద తెలుగు, కన్నడం, ఉర్దూ, మార్వాడీ, అన్నీ ఒకేసారి వినబడుతుండె. ధర బాగా పలికినోడు రెండు ప్లేట్లు తిని ఇంటికి పొట్లం కట్టించుకుంటుండె. పలకనోడు మా అరుగు దాకా వచ్చి, టీ నీళ్లు మాత్రం తాగి లేస్తుండె. మా అత్త వానికి ఉగ్గాని పెట్టి గోడ మీద బొగ్గుతో గీత గీస్తుండె. ఆమెకు చదువు రాదు. ఒక్కో రైతుకు ఒక్కో గుర్తు. ఒకనికి బండి చక్రం, ఒకనికి ఎద్దు కొమ్ములు, ఒకనికి చెప్పు. ఆ గుర్తు కింద గీతలు. ఉగాదికి గోడకు సున్నం కొట్టేముందు ఆ గీతలన్నీ చదువుతుంటే మీ తాత పుస్తకంలో రాసుకుంటుండె. పంట పోయిన ఏడు కొన్ని గుర్తులను ఆమె చదవకుండానే సున్నం కొట్టించిందని మాకు తర్వాత తెలిసింది.

ఇంకొక మాట కూడా చెప్పాల, దాచకూడదు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆ కాలపు హోటళ్లలో దళితులకు గ్లాసులు వేరు. బయట గూట్లో ఉంటుండె. వాళ్లే తీసుకోవాల, వాళ్లే కడిగి పెట్టాల. అంటరానితనం నేరమని 1955లోనే చట్టమొచ్చింది, గూడు మాత్రం అట్లనే ఉండె. మా అరుగు మీద కూడా ఉండె. అది పోయింది మా ఇంటోళ్ల మంచితనం వల్ల కాదు. మండీ హమాలీలు కలిసి వచ్చి, లోపల బెంచీల మీద కూర్చొని, అందరికిచ్చే గ్లాసుల్లోనే మాకూ ఇవ్వండి అని అడిగినారు. ఆ దినం నుంచి గూడు ఖాళీ. పొగడాలంటే వాళ్లను పొగడాల.

మార్వాడీ ఆమె సంగతి చెప్పలేదు గదా నీకు! మండీలో ఒక సేటు దగ్గర గుమాస్తాగా మార్వాడ్ నుంచి ఒకాయన వచ్చినాడు. జైనుడు. ఉల్లిగడ్డ తినడు, ఎల్లిగడ్డ తినడు, భూమిలో పెరిగే గడ్డ ఏదీ ముట్టడు, పొద్దు గుంకినాక ఏమీ నోట్లో వేసుకోడు. ఇంటోళ్లను ఊర్లో వదిలి వచ్చినాడు. కొన్ని దినాలు అరటిపండ్లు, పాలతో గడిపినాడు పాపం. మా అత్త అది చూసి, ఒక చిన్న బాండ్లీ వేరుగా పెట్టింది. దాంట్లో ఉల్లిగడ్డ పడేది లేదు. పుట్నాలు, కొబ్బరితోనే పొడి. ఆయనకు ఒక్కనికి ముందర తాలింపు వేసి, పెట్టి, తర్వాతే పెద్ద బాండ్లీ ఎక్కిస్తుండె. ఒకనాడు మేము తినేదానికి చేసుకున్న సజ్జరొట్టె చూసి ఆయన నిలబడిపోయినాడు. వాళ్ల ఊర్లోనూ సజ్జలే పండుతాయంట. నెయ్యి, బెల్లం వేసుకొని తింటారంట. మా అత్త రొట్టె పెట్టింది, ఆయన బెల్లం తెచ్చుకున్నాడు. తింటా ఉంటే ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినాయి.

తర్వాత ఏడు భార్యా బిడ్డలను పిలిపించుకున్నాడు. మా వీధి మూల మీద చిన్న ఇల్లు బాడిగకు తీసుకున్నారు. ఆమె ముసుగు తీయకుండా, గడప దాటకుండా, ఇంట్లోనే వాళ్లోళ్లకు బువ్వ పెట్టడం మొదలుపెట్టింది. పత్తి సీజన్లో ఒంటరిగా వచ్చే గుమాస్తాలు, బ్రోకర్లు నెలకింతని ఇచ్చి ఆడ తింటుండిరి. పుల్కాలు, పప్పు, మజ్జిగలో శెనగపిండి వేసి కాచే కఢీ, శెనగపిండినే చుట్టి ఉడికించి ముక్కలు కోసి చేసే గట్టెల కూర. వాళ్ల ఊర్లో నీళ్లు తక్కువ, పచ్చి కూరగాయలు తక్కువ, అందుకే పిండితోనూ మజ్జిగతోనూ కూర చేసుకుంటారు. మన సీమ ఆడోళ్లు కూడా కరువులో చేసింది అదే. దానికీ బోర్డు లేదు. బజారులో ఆ గుమాస్తా పేరు చెప్తే ఇల్లు చూపించేటోళ్లు. వండేది ఆమె.

ఆమెకు తెలుగు రాదు, మా అత్తకు హిందీ రాదు. పెరటి గోడ మీద నుంచి గిన్నెలు మారుతుండె. ఆమె అప్పడాలు ఇస్తే మా అత్త వడియాలు ఇస్తుండె. జొన్నరొట్టె చేత్తో తట్టేది ఆమె మా పెరట్లోనే నేర్చుకుంది. జొన్నపిండికి ఎసరు నీళ్లు మరగంగా పోసి పిసకాలని, చల్లనీళ్లతో చేస్తే పగిలిపోతదని మా అత్త చేతిసైగలతో చెప్తుంటే, కాలిన వేళ్లను ఊదుకుంటా ఇద్దరూ నవ్వుతుండిరి. ఆ పిల్లలు మా బెంచీల మీదనే బడి లెక్కలు చేసుకుంటా పెరిగినారు. వాళ్ల తెలుగు నా తెలుగు కంటే ఆదోని తెలుగు.

సొంతూరు వదిలొచ్చిన ఆ మార్వాడీ ఆమె బాధ మా అత్తకు అర్థమైందంటే ఊరికే కాదు. మా అత్త పుట్టిల్లు సిరుగుప్ప. ఆమె పెండ్లయి వచ్చినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, సిరుగుప్ప అన్నీ బళ్లారి జిల్లాలోనే ఉండె. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధాని అయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇట్ల వచ్చినాయి. బళ్లారి, సిరుగుప్ప మైసూరుకు పోయినాయి. ఒక రాత్రిలో ఆమె పుట్టిల్లు పక్క రాష్ట్రమైపోయింది. మనుషులు పోయేదీ వచ్చేదీ ఆగలేదు. ఆమె చేతి ఉగ్గాని సిరుగుప్ప నుంచి తెచ్చుకున్నదే. ఇప్పటికీ బళ్లారిలో పొద్దున లేస్తే ఒగ్గరణె అంటే మన ఉగ్గానే, దాంతో మిర్చి తింటారు. ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు ఆమె ఊరి పద్ధతిలోనే చేస్తాం.

ఏం రా పాపా, నిద్రొస్తాందా? లేదంటే విను. నువ్వు నాకు మధ్యాహ్నం ఒకటి చెప్పినావు, అది నా బుర్రలోంచి పోలేదు. చైనా ఉత్తరాదిలో వరి తక్కువ, గోధుమ ఎక్కువ, దాంతో పాటు కొర్రలు తింటారంటివి. పొద్దున పసుప్పచ్చటి కొర్ర గంజి కాచుకుంటారంటివి, బాలింతకు అదే పోస్తారంటివి. ఇంకా, కొర్రను లోకంలో మొట్టమొదట సాగు చేసింది ఆ ఉత్తర చైనాలోనేనని, దాదాపు 8,000 ఏండ్ల కిందటి కొర్ర గింజలు ఆడ తవ్వకాల్లో దొరికినాయని చదివి చెప్పినావు. మా నాయన ఎమ్మిగనూరులో తిన్న కొర్రన్నం ఆడ్నుంచి నడిచి నడిచి వచ్చిన గింజా! జొన్న ఆఫ్రికా నుంచి మన దగ్గరికి వచ్చింది, చైనాకూ పోయింది, వాళ్ల ఈశాన్యంలో ఎర్రజొన్న పొలాలున్నాయంటివి. మనమూ వాళ్లూ ఒకే గింజలు తిని కరువులు దాటినోళ్లం.

ఆ పిండి ముద్దల సంగతి కూడా అడిగినా నిన్ను. గోధుమ పిండి పలచగా ఒత్తి, లోపల కూరో మాంసమో పెట్టి, అంచులు మడిచి నీళ్లలో ఉడికిస్తారు. చూసేదానికి అచ్చం మన కజ్జికాయ. కొత్త సంవత్సరం ముందురాత్రి ఇంటిల్లిపాదీ కూర్చొని మడుస్తారంట. పండగ రాత్రి ఇంట్లో చేసేదాన్ని ఆమె దినమూ పొద్దున్నుంచి రాత్రి దాకా పరాయి దేశంలో మడుస్తాంది, పది మందికి అమ్ముతాంది. ఆ ఫ్లషింగ్‌లోనే చైనాలోని షియాన్ నుంచి వచ్చిన డేవిడ్ షీ అనే ఒక తండ్రి 2005లో చిన్న అంగడి పెట్టినాడు, బజారు నేలమాళిగలో బల్లకు కొట్టి సాగదీసిన వెడల్పు నూడుల్సు అమ్మినాడు, కొడుకు జేసన్ వాంగ్ చేరి దాన్ని ‘షియాన్ ఫేమస్ ఫుడ్స్’ అని ఊరంతా శాఖలు చేసినాడంటివి. బాగుంది. అందరికీ అట్ల కుదరదు. కుదరనోళ్ల ఇంట్లో కూడా పిండి అంతే శ్రద్ధగా పిసుకుతారు, అది మరవొద్దు.

మన దగ్గర ఆ కొర్రలు యాడికి పోయినాయంటే, తుంగభద్ర డ్యాం నిండినాక కాలువ కింద వరి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినాడు. పేదోని ఇంట్లో దినమూ వరన్నం ఉడికింది, అది చిన్న సంగతి కాదు. పండగ బువ్వ పనిదినం బువ్వ అయింది. కొర్ర, సజ్జ పొలాల్లోంచి తప్పుకున్నాయి. ఇప్పుడు నంద్యాల పరిశోధన కేంద్రమోళ్లు సూర్యనంది అని కొత్త కొర్ర విత్తనం ఇచ్చినారు, చక్కెర జబ్బు ఉన్నోళ్లు కొర్రన్నం వెతుక్కుంటా ఉన్నారు.

వానలు పడని ఏడు మన పక్క ఊర్లు సుగ్గికి పోతాయి, నీకు తెలుసు. కోసిగి, కౌతాళం దిక్కు ఇంటికి తాళమేసి, ముసలోళ్లను వదిలి, పిల్లలను సంకనేసుకొని గుంటూరు మిరప కోతకు, పత్తి తీతకు పోతారు. బెంగళూరుకు, బొంబాయికి కట్టడం పనులకు పోతారు. మూటలో బట్టల కంటే ముందు కట్టుకునేది జొన్నపిండి, పప్పుల పొడి. గుడారం ముందర మూడు రాళ్లు పెట్టి రొట్టె కాల్చుకుంటారు. పరాయి ఊర్లో మొదట వెలిగేది ఆ పొయ్యే. దాని చుట్టూ వానికొక ముద్ద, వీనికొక ముద్ద పెట్టి, నాలుగు డబ్బులు వస్తే బండి పెట్టి, బండి నిలబడితే అంగడి. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉగ్గాని బజ్జీ దొరుకుతాందంటే అట్ల పోయిన మన ఆడోళ్ల చేతుల వల్లనే.

మా హోటలు ఏమైందంటే, మామ పోయినాడు, తర్వాత అత్త పోయింది. మీ తాతా నేనూ ఇంకొన్నేండ్లు నడిపినాం. మీ నాయన చదివి ఉద్యోగానికి పోయినాడు, సంతోషమే. నా మోకాళ్లు నిలబడలేదు. మూసినాం. మూసిన దినం బెంచీలు, పెద్ద బాండ్లీ, రోలు ఎవరికియ్యాలో నేను ముందరే అనుకొని పెట్టుకున్నా. మా హోటల్లో చిన్నప్పుడు గిన్నెలు కడిగిన పిల్ల ఒకతె ఉండె. వాళ్లమ్మా నాయనలతో ఏటేటా సుగ్గికి పోయి వచ్చేది, బడి నిలబడలేదు. పెద్దదయి, పెండ్లయి, మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో ఆదోనికి తిరిగొచ్చింది. ఆమెకిచ్చినా. ఇప్పుడు బస్టాండు దిక్కు అంగడి పెట్టుకుంది. గల్లా కాడ తనే కూర్చుంటది, పొయ్యి కాడ తనే నిలబడతది. కూతురు బజ్జీ వేస్తది, కొడుకు కాలేజీకి పోయేముందు ప్లేట్లు అందిస్తాడు. బోర్డు మీద పెద్దక్షరాలతో ఆమె పేరే ఉంది. పోయిన వారం ఆటో ఎక్కి పోయి, ముందర నిలబడి చదువుకొని వచ్చినా.

సాయంత్రమైతే ఆమె అంగడి పక్కనే పిల్లోళ్లు చైనా నూడుల్స్ బండి పెడతారు. మంట ఎగరేసి, సాసులు పోసి కలుపుతా ఉంటారు. కష్టపడే పిల్లోళ్లు, అమ్ముకోనీ. నువ్వు చెప్పిన గంజీ, మడిచిన ముద్దలూ మాత్రం ఆ బండి మీద లేవు. చైనావాళ్ల ఇంటి వంట మన ఊరి దాకా రాలేదింకా. వస్తే నేను తింటా, మాంసం లేకుండా చేస్తే.

ఆమె ఉగ్గాని తిన్నా. బాగుంది. ఉల్లిగడ్డ సరిగ్గా మెత్తబడింది, పొడి దంచినట్టే ఉంది, మిక్సీ వాసన లేదు. బొరుగులు మాత్రం అర నిమిషం ఎక్కువ నీళ్లలో ఉన్నాయి. నేను ఆ మాట అంటే ఆమె నొచ్చుకోలేదు. బట్టీ మార్చినా అవ్వా, ఈ బొరుగులు ఎట్ల తాగుతాయో నాకింకా చేతికి రాలేదు, ఒకసారి తెల్లారుజామున వచ్చి చూపించు అనింది. వస్తానని చెప్పినా. రేపే పోతా. నాలుగున్నరకు ఆటోవాడు వస్తాడు. నువ్వూ లేచి రా పాపా, తట్టలో నీళ్లు నువ్వు పోద్దువు గానీ.